లోహంలో అచ్చుతప్పులు
(ప్రైవేటు వెండి బిళ్ళలు, జూదశాల టోకెన్లపై ముద్రణ లోపాలు – వాటి సేకరణ)

పుస్తకంలో అచ్చుతప్పు దొర్లితే చదువరి విసుక్కుంటాడు. ప్రచురణకర్త చివర తప్పొప్పుల పట్టిక జతచేస్తాడు. మరుసటి ముద్రణలో అది మాయమవుతుంది. అదే అచ్చుతప్పు నాణెం మీద పడితే దాని గతి వేరుగా ఉంటుంది. దానిని వెదకి పట్టుకొని పదిలపరచేవారు, ముఖవిలువకు ఎన్నో రెట్లు చెల్లించి కొనుక్కొనేవారు దేశదేశాల ఉన్నారు. 1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో అక్షరాలు జంటగా పడిన ఒక సెంటు నాణేలు 20,000కు పైగా బయటి ప్రపంచంలోనికి వెళ్ళాయి. సెంటు అనగా డాలరులో నూరవ వంతు. ఆ రాగి నాణెం నేడు వేయి డాలర్లకు పైబడి పలుకుతున్నది.

ప్రభుత్వ నాణేలపై లోపాల గురించి తెలుగులోనూ అడపాదడపా వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. ఈ వ్యాసంలో మనవి చేయదలచినది వాటికి పక్క దారిలో ఉన్న మరొక అభిరుచిని గురించి. ప్రభుత్వానికి సంబంధం లేని ప్రైవేటు ముద్రణశాలలలో తయారయ్యే వెండి బిళ్ళలు, జూదశాలలలో వాడిన లోహపు టోకెన్లు – వీటిపై పడిన ముద్రణ లోపాలను సేకరించేవారు అమెరికాలో ఉన్నారు. అది చిన్న వర్గమే. అయినా వారి పని మనవంటి కర్మాగార జీవులకు ఆసక్తి కలిగించదగినది. ఎందుకనగా అక్కడ చట్టం గాని, గెజిట్ ప్రకటన గాని, ప్రభుత్వ రికార్డు గాని సాక్ష్యం చెప్పవు. ఒక బిళ్ళపై ఉన్నది నిజమైన లోపమా, కల్పించిన లోపమా అని తేల్చవలసినది లోహమే. లోహాన్ని చదవడం వచ్చినవాడికి అది సంపద; రానివాడికి నష్టం.

వెండి బిళ్ళ పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో ప్రభుత్వేతర సంస్థలు ముద్రించే గుండ్రని వెండి బిళ్ళను "రౌండ్" అంటారు. దానిని నాణెం అనరాదు. దానికి ముఖవిలువ లేదు. చెల్లుబాటుకు ప్రభుత్వ హామీ లేదు. దాని విలువంతా అందులోని వెండిలోనే ఉన్నది. సాధారణంగా దాని బరువు ఒక ట్రాయ్ ఔన్సు, అనగా 31.1035 గ్రాములు. మన పాత లెక్కలో సరిగ్గా రెండు తులాల మీద మరొక తులంలో మూడింట రెండు వంతులు. వ్యాసం సుమారు 39 మిల్లీమీటర్లు. స్వచ్ఛత వేయింట 999 పాళ్ళు.

ప్రైవేటు వ్యక్తులు వెండి బిళ్ళలు కొట్టడం అక్కడ కొత్త కాదు. 1900లో కొలరాడో రాష్ట్రంలోని విక్టర్ పట్టణంలో జోసెఫ్ లెషర్ అనే ఆయన ఎనిమిది కోణాల వెండి బిళ్ళలు కొట్టించి ఒకటింపావు డాలరు విలువకు చలామణిలో పెట్టాడు. ప్రభుత్వాధికారులు అభ్యంతరం చెప్పగా రూపంలో మార్పులు చేసుకొని 1901 వరకు కొనసాగించాడు. 1970ల తొలి సంవత్సరాలలో ఒక ఔన్సు బరువుగల నలుచదరపు వెండి పలకలపై పండుగలు, రైళ్ళు, మహాపురుషుల బొమ్మలు ముద్రించి అమ్మే వేలంవెర్రి వచ్చింది. 1980 జనవరిలో హంట్ సోదరులు వెండిని గుత్తగా కొనుగోలు చేయడంతో ధర ఔన్సుకు 50 డాలర్ల దరిదాపులకు ఎగబ్రాకి, మార్చి 27వ తేదీన కుప్పకూలింది. అటుపిమ్మట చిన్న మదుపుదారుల కోసం గుండ్రని బిళ్ళలు విరివిగా వచ్చాయి. 1986లో అమెరికా ప్రభుత్వం తన వెండి "ఈగిల్" నాణేన్ని విడుదల చేసిన తరువాత కూడా ప్రైవేటు బిళ్ళల గిరాకీ తగ్గలేదు. ప్రభుత్వ నాణెం కంటె అవి చౌక.

జూదశాల టోకెన్లు

టోకెన్ కథ వేరు. 1960ల తొలి భాగం వరకు నెవాడా రాష్ట్రపు జూదశాలలలోని డాలరు యంత్రాలలో నిజమైన వెండి డాలర్లనే వేసేవారు. వెండి ధర పెరుగుతున్నకొద్దీ జనం ఆ డాలర్లను దాచుకోసాగారు. 1964 మార్చిలో అమెరికా ఖజానా వెండి డాలర్లు ఇవ్వడం నిలిపివేసింది. 1965 నాటి చట్టం చిన్న నాణేలలోని వెండిని సైతం తొలగించింది. యంత్రాలు ఉన్నాయి, వాటిలో వేయడానికి నాణేలు లేవు. ఆ లోటు తీర్చడానికే ప్రభుత్వ అనుమతితో లోహపు టోకెన్లు రంగప్రవేశం చేశాయి. 1964లో జోసెఫ్ సెగెల్ స్థాపించిన సంస్థ – అనంతరకాలంలో "ఫ్రాంక్లిన్ మింట్"గా జగత్ప్రసిద్ధమైనది – ఈ టోకెన్లను ముద్రించిన తొలి సంస్థలలో ముఖ్యమైనది. తాను వాడిన నికెల్ మిశ్రమ లోహానికి "ఫ్రాంక్లినియం" అని తన పేరే పెట్టుకున్నది.

1990ల తొలి భాగంలో "సిల్వర్ స్ట్రైక్" అనే మరొక రకం వచ్చింది. నడుమ స్వచ్ఛమైన వెండి, చుట్టూ పసుపుపచ్చని ఇత్తడి వలయం. దానిపై పది డాలర్ల ముఖవిలువ. యంత్రంలో ఆడి గెలిచినవారికి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి ఇచ్చేవారు. మన పది రూపాయల నాణేన్ని ఊహించుకొని, నడిమి భాగం వెండి అనుకుంటే దాని రూపం తెలుస్తుంది. 2000 ప్రాంతంలో యంత్రాలు నాణేలకు బదులు కాగితపు టిక్కెట్లు ఇవ్వడం, తీసుకోవడం మొదలైంది. కొద్ది సంవత్సరాలలోనే టోకెన్ల యుగం దాదాపు ముగిసింది. కనుక టోకెన్ లోపాలు ఇకముందు కొత్తగా పుట్టేవి బహు తక్కువ. ఉన్నవాటిలోనే వెదకుకోవాలి.

లోపం ఎక్కడ పుడుతుంది?

ప్రెస్ షాపుతో పరిచయం ఉన్న మిత్రులకు ఈ భాగం సులభంగా బోధపడుతుంది. బిళ్ళ తయారీకి మూడు అంగాలు: ఖాళీ బిళ్ళ, డై, దెబ్బ. అమెరికా సేకర్తలు లోపాలను ఈ మూడింటి కిందనే వర్గీకరిస్తారు. ఎంత వింత లోపమైనా చివరకు ఈ మూడు గదులలో ఒకదానిలో చేరవలసినదే.

మొదట వెండిని రేకుగా సాగదీసి, పంచితో గుండ్రని ముక్కలుగా కోస్తారు. ఆ ముక్కలను కొలిమిలో కాచి మెత్తబరుస్తారు. చాలాచోట్ల అంచును కాస్త లేపే యంత్రం గుండా దొర్లిస్తారు. ఆపైన కింది డైకీ మీది డైకీ మధ్య, ఉక్కు కడియం వంటి కాలర్‌లో కూర్చోబెట్టి, నూరు టన్నుల పైచిలుకు ఒత్తిడితో ముద్ర వేస్తారు. బొమ్మ, బొరుసు, అంచు మీది గీతలు – మూడూ ఆ ఒక్క దెబ్బలోనే ఏర్పడతాయి. లోహం ద్రవంలా పారి డైలోని ప్రతి గుంటనూ నింపుతుంది. పక్కలకు పారకుండా కాలర్ అడ్డుకుంటుంది.

ఖాళీ బిళ్ళ లోపాలు: రేకు సరిగా ముందుకు జరగక, అంతకుముందు కోసిన రంధ్రం మీద పంచి మళ్ళీ పడితే, చంద్రవంక ఆకారంలో ఒక ముక్క కొరికినట్లు లేని బిళ్ళ వస్తుంది. రేకు చివర కోస్తే ఒకవైపు తిన్నని కోత వస్తుంది. వెండిలో మలినం చిక్కుకుంటే పైపొర రేకులా లేస్తుంది. సిల్వర్ స్ట్రైక్ వంటి జంటలోహపు బిళ్ళలలో నడిమి భాగం వలయంలో సరిగా కూర్చోకపోవడం ఈ వర్గంలోనిదే.

డై లోపాలు: డై ఉక్కుది. వేల దెబ్బలు తిన్న తరువాత బీట వారుతుంది. ఆ బీటలోనికి వెండి పారి, బిళ్ళపై సన్నని ఉబ్బు గీతగా నిలుస్తుంది. డై అంచు ముక్క విరిగిపోతే అక్కడ బొమ్మ ఉండవలసిన చోట లోహపు ముద్ద నిలుస్తుంది. మధ్యలో బిళ్ళ లేకుండా రెండు డైలు ఢీకొంటే, ఒకదాని నీడ రెండవదానిపై పడి, ఆ తరువాత వచ్చే బిళ్ళలన్నిటిమీద బొరుసు గీతలు బొమ్మవైపున ఛాయగా కనిపిస్తాయి.

దెబ్బ లోపాలు: బిళ్ళ కాలర్‌లో కూర్చోకముందే దెబ్బ పడితే బొమ్మ ఒక పక్కకు ఒరిగి, మిగిలినచోట ఖాళీగా ఉంటుంది. కాలర్ పైకి రాకపోతే బిళ్ళ అట్టులా విస్తరించి, అంచుపై గీతలు లేకుండా పోతుంది. ముద్ర పడిన బిళ్ళ బయటకు పోక అక్కడే నిలిస్తే రెండవ దెబ్బ పడుతుంది. అది మీది డైకి అంటుకొని ఉండిపోతే, తరువాతి బిళ్ళకు ఒకవైపు బొమ్మ తిరగబడి, గుంటగా, అద్దంలో చూసినట్లు ముద్రపడుతుంది. డైలో గ్రీజు నిండితే అక్షరాలు ఎగిరిపోతాయి. గుడ్డపీలిక గాని, లోహపు పొట్టు గాని మధ్యన పడితే దాని నేత కూడా వెండిపై అచ్చుపడుతుంది.

ఈ మూడింటినీ కలిపి చూసే ఒక సూత్రం ఉన్నది. డైకి కలిగిన గాయం బిళ్ళపై ఉబ్బుగా కనిపిస్తుంది. బిళ్ళకు కలిగిన గాయం గుంటగా కనిపిస్తుంది. భూతద్దంలో ఒక గీత కనబడగానే అది ఉబ్బా, గుంటా అని చూడాలి. మధ్యన పడిన పీలిక, పొట్టుల అచ్చులు గుంటగానే ఉంటాయి గనుక అవి సూత్రానికి మినహాయింపు. అవి మినహా, గుంటగా ఉన్న గీతలలో అధికభాగం ఎవరి చేతిలోనో, ఏ సంచిలోనో పడిన గీరలే.

ప్రైవేటు ముద్రణలో ఉన్న చిక్కు

ఇంతవరకు చెప్పినది ప్రభుత్వ నాణేలకు కూడా వర్తిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ప్రభుత్వ నాణేనికి బరువు, వ్యాసం, మిశ్రమం, బొమ్మల దిశ చట్టం ద్వారా గాని ప్రకటన ద్వారా గాని నిర్ణయమై ఉంటాయి. ఆ ప్రమాణం నుండి తప్పినదే లోపం. ప్రైవేటు బిళ్ళకు అటువంటి ప్రకటిత ప్రమాణం చాలాసార్లు ఉండదు. ప్రమాణం తెలియనిదే లోపాన్ని నిర్ణయించడం ఎలా?

ఒక ఉదాహరణ: అమెరికా నాణేన్ని నిలువుగా తిప్పితేనే వెనుకవైపు బొమ్మ తిన్నగా కనిపిస్తుంది, పతకాన్ని అడ్డంగా తిప్పితే తిన్నగా కనిపిస్తుంది. ప్రైవేటు బిళ్ళలలో రెండు పద్ధతులూ ఉన్నాయి. బొరుసు తలకిందులుగా ఉన్న బిళ్ళ దొరకగానే "డై తిరిగిపోయిన లోపం" అని సంబరపడేవారున్నారు. ఆ ముద్రణశాల ఆ రకాన్నంతా అలాగే కొట్టి ఉండవచ్చును. అదే రకానికి చెందిన మరి నాలుగైదు బిళ్ళలను పక్కన పెట్టి చూసిన తరువాతనే ఏ మాటైనా అనాలి.

రెండవ ఉదాహరణ జతతప్పిన బిళ్ళ. ఒక నాణెం బొమ్మకు మరొక నాణెం బొరుసు పడితే ప్రభుత్వ టంకశాలలో అది మహా విశేషం. 2000వ సంవత్సరంలో అమెరికాలో పావు డాలరు బొమ్మతో, డాలరు బొరుసుతో బయటపడిన కొద్దిపాటి నాణేలు అపార ధర పలికాయి. కాని ప్రైవేటు ముద్రణశాల వ్యాపారపద్ధతి వేరు. "ఒక ట్రాయ్ ఔన్సు – 999 స్వచ్ఛత" అని చెక్కిన ఒకే బొరుసు డైని పెట్టుకొని, ముందువైపు పుట్టినరోజు బొమ్మ, పండుగ బొమ్మ, కంపెనీ చిహ్నం – ఎవరు ఏది అడిగితే అది కొట్టి ఇస్తారు. అక్కడ జతలు మారడం దైనందిన వ్యవహారం. రెండు ముఖాలూ పరస్పరం ఖండించుకున్నప్పుడే దానిని లోపమనాలి. ఒక జూదశాల పేరుకు వెనుక మరొక జూదశాల పేరు పడటం, ఒకవైపు ఒక విలువ, రెండవవైపు మరొక విలువ ఉండటం అటువంటివి.

మూడవది రాగి బిళ్ళ మీద "స్వచ్ఛమైన వెండి" అని ఉండటం. డైని యంత్రంలో సరిచూసుకొనేటప్పుడు ఖరీదైన వెండికి బదులు రాగి ముక్కపై దెబ్బ వేసి చూడటం సహజం. అది పరీక్షాముద్రే గాని తప్పు కాదు. అటువంటివి ఆసక్తికరాలే, కాని లోపం ధర పెట్టి కొనదగినవి కావు. అలాగే వర్ణక్రమదోషాలు. చెక్కినవాడే అక్షరం తప్పు చెక్కితే ఆ రకం బిళ్ళలన్నిటిపైనా ఆ తప్పు ఉంటుంది. తొలి కొద్ది బిళ్ళల తరువాత దానిని సరిదిద్దినట్లు రుజువైతేనే వాటికి ప్రత్యేకత.

తూకం – ఒక విచిత్ర వైరుధ్యం

వెండి బిళ్ళపై లోపానికి, మామూలు నాణెంపై లోపానికి మరొక భేదం ఉన్నది. బిళ్ళ మీద బరువు, స్వచ్ఛత ముద్రించి ఉంటాయి. అది కొనుగోలుదారుకు ఇచ్చిన మాట. అమెరికాలో వెండి, బంగారు వస్తువులపై వేసే స్వచ్ఛత ముద్రలను 1906 నాటి చట్టం నియంత్రిస్తున్నది. ఒక ఔన్సు బిళ్ళలో ఇరవయ్యో వంతు కోత పడితే సుమారు 1.55 గ్రాముల వెండి తగ్గి 29.55 గ్రాములే మిగులుతుంది. అటువంటి బిళ్ళను లోహపు వ్యాపారి దగ్గరకు తీసుకుపోతే తూకం వేసి, తగ్గినమేరకు ధర తగ్గిస్తాడు. కొందరు తుక్కు కింద తప్ప తీసుకోరు. అదే బిళ్ళను సేకర్త వద్దకు తీసుకుపోతే మంచి బిళ్ళ కంటె ఎక్కువ ఇస్తాడు. తక్కువ వెండికి ఎక్కువ ధర!

ఈ వైరుధ్యం వల్లనే లోపమున్న వెండి బిళ్ళలు అరుదయ్యాయి. వెండి ఖరీదైనది గనుక తనిఖీలో పక్కన పెట్టిన ప్రతి ముక్కనూ ముద్రణశాల మళ్ళీ కరిగిస్తుంది. తనిఖీ దాటి బయటకు వచ్చిన వాటిని సైతం ధర పెరిగినప్పుడు జనం కరిగింపుకే ఇస్తారు. 1980లో ధర శిఖరాన ఉన్నప్పుడు కరిగిపోయిన పలకలు, బిళ్ళలు అపారం. వాటిలో లోపమున్నవి ఎన్ని పోయాయో ఎవరూ లెక్క వేయలేదు.

టోకెన్ల విషయంలో ఆ పని యంత్రమే చేసేది. జూద యంత్రంలో మాదిరి టోకెన్ ఒకటి రెండు విద్యుత్ చుట్టల మధ్య ఉంటుంది. లోపల పడిన ప్రతి టోకెన్‌నూ ఆ మాదిరితో పోల్చి, లోహమూ పరిమాణమూ సరిపోతేనే స్వీకరిస్తుంది. విస్తరించిన టోకెన్ రంధ్రంలోనే దూరదు. వేరు లోహపుది దూరినా బయటకు తోసివేయబడుతుంది. అందువల్ల పెద్ద లోపమున్న టోకెన్లు ఆటలో తిరగలేదు. అంతగా అరగక దొరికేవి అందుకే. పీలిక పడిన ముద్ర, పగుళ్ళ డై వంటి చిన్న లోపాలున్నవి మాత్రం ఆటలో తిరిగి, అరిగి ఉంటాయి.

టోకెన్లను గురించి చెప్పేటప్పుడు లూయీ కొలావెకియో ఉదంతం స్మరించక తప్పదు. రోడ్ ఐలండ్ రాష్ట్రానికి చెందిన ఇతడు జూదశాలల టోకెన్లకు దొంగ అచ్చులు చేసి 1996లో పట్టుబడ్డాడు. అసలుకూ నకిలీకీ తేడా కంటికి కనిపించనంత నేర్పుగా అతని డైలు ఉండేవి. యంత్రాలు వాటిని స్వీకరించాయి. జూదశాలలకు అనుమానం కలిగించినది లెక్క. తాము చేయించిన టోకెన్ల కంటె చేతిలో ఉన్న టోకెన్లు ఎక్కువయ్యాయి. వస్తువు నిజమైనదా కాదా అని వస్తువునే కాక లెక్క పుస్తకాన్ని కూడా అడగవచ్చునని ఈ ఉదంతం చెబుతున్నది. ప్రైవేటు వెండి బిళ్ళల సేకర్తకు ఆ లెక్క పుస్తకం సాధారణంగా దొరకదు.

దొర్లిన తప్పు, చేసిన తప్పు

ఇక్కడ నీతికి సంబంధించిన ప్రశ్న వస్తుంది. ప్రైవేటు ముద్రణశాలలో వెండి యజమానిది, డై యజమానిది. పొరపాటున వచ్చిన బిళ్ళను కరిగించక, లోపమని చెప్పి అమ్ముకొనే హక్కు ఆయనకు ఉన్నది. అందులో దోషం లేదు. కాని గిరాకీ ఉన్నదని తెలిసి, బిళ్ళను కావాలని పక్కకు జరిపి దెబ్బ వేయించి "లోపం" అని అమ్మితే అది లోపం కాదు; అదొక తయారీ వస్తువు. ఇక రాత్రి షిఫ్టులో పనివాడెవరైనా అటువంటివి కొట్టి జేబులో వేసుకొని గేటు దాటితే అది దొంగతనం. ఒక సంస్థలో పనిచేసే మనకు ఈ మూడింటి భేదం విడమరచి చెప్పనక్కరలేదు. కొనేవాడి చేతిలోనికి వచ్చేసరికి మాత్రం మూడూ ఒకేలా కనిపిస్తాయి.

పూర్తిగా నిర్ధారించే మార్గం లేకపోయినా, అనుమానించవలసిన సూచనలు ఉన్నాయి. యంత్రం తప్పు చేసినప్పుడు దానికి అందచందాల పట్టింపు ఉండదు. ఒరిగిన ముద్ర ఏ దిక్కుకైనా ఒరగవచ్చును, ఎంతైనా ఒరగవచ్చును. సరిగ్గా సగం బొమ్మ, చక్కగా కనిపించే పేరు, మచ్చలేని మెరుగు – ఇటువంటి "అందమైన" లోపాలు ఒకే అమ్మకందారు వద్ద వరుసగా ప్రత్యక్షమైతే ఆలోచించాలి. మెరుగు ముద్రగల బిళ్ళలను సాధారణంగా ఒక్కొక్కటిగా చేతితో పెట్టి కొడతారు. చేతితో పెట్టినది అంత ఘోరంగా ఒరగడం ఎలా సాధ్యమని అడగాలి.

ఇక ముద్రణశాల గేటు దాటిన తరువాత చేసే మోసాలు వేరు. వాటిని పట్టుకోవడం కొంత సులభం.

కోత ముక్క: అంచు లేపే యంత్రం ఖాళీ బిళ్ళను రెండు వైపుల నుండి నొక్కుతుంది. ఒకవైపు కోత ఉంటే దానికి సరిగ్గా ఎదురువైపు నొక్కుడు పడదు. అక్కడ అంచు బలహీనంగా ఉంటుంది. దీనిని బ్లేక్స్‌లీ ప్రభావమంటారు. అంతేకాక నిజమైన కోత దగ్గర అక్షరాలు కోతవైపు సాగి, మసకబారి ఉంటాయి. ముద్ర పడిన తరువాత ఆకురాయితో కోసినదైతే అక్షరాలు కత్తితో తెంపినట్లు ఉంటాయి. ఒక హెచ్చరిక: అంచు లేపకుండానే ముద్రించే ప్రైవేటు శాలలు ఉన్నాయి గనుక ఆ ప్రభావం కనబడలేదన్న ఒక్క కారణంతో బిళ్ళను తోసిపుచ్చరాదు.

అద్దపు ముద్ర: రెండు బిళ్ళలను కలిపి బెంచి వైస్‌లో బిగిస్తే ఒకదాని బొమ్మ రెండవదానిపై తిరగబడి గుంటగా పడుతుంది. అమాయకులు దానిని యంత్రపు లోపమనుకుంటారు. నిజమైన అద్దపు ముద్రలో ఆ వైపు మామూలు బొమ్మ ఉండదు. బిళ్ళ ఆ డైని తాకనే లేదు గదా! వైస్ ముద్రలో మామూలు బొమ్మ కింద ఉండి, దానిపైన గుంట ముద్ర కనిపిస్తుంది. వెనుకవైపు బొమ్మ నలిగి చదునై ఉంటుంది.

జంట అక్షరాలు: డై వదులై, దెబ్బ పడే క్షణంలో అదిరితే అక్షరం పక్కన చదునైన మెట్టు ఏర్పడుతుంది. ఇది సర్వసాధారణం, విలువ స్వల్పం. డై తయారీలోనే రెండుమార్లు ముద్రపడి ఉంటే రెండు అక్షరాలూ గుండ్రంగా, పూర్తి ఎత్తుతో, మూలల వద్ద చీలి కనిపిస్తాయి.

ముద్రలేని వెండి: పూర్తిగా ఖాళీగా ఉన్న బిళ్ళను "ముద్ర తప్పిన రౌండ్" అని అమ్మేవారున్నారు. అటువంటి ఖాళీ బిళ్ళలు నగల పనివారికి సరకుగా మామూలు ధరకే దొరుకుతాయి. ఎక్కువ ఇవ్వనక్కరలేదు.

ఇంటివద్ద చేయదగిన పరీక్షలు

ఈ అభిరుచికి పెద్ద పరికరాలు అక్కరలేదు. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం, గ్రాములో నూరవ వంతు చూపే తక్కెడ, వెర్నియర్ కాలిపర్ చాలును. లోహం వెండేనా అన్న సందేహానికి ఆర్కిమిడీస్ సూత్రం ఉన్నది. తక్కెడపై నీటి గ్లాసు నుంచి, సూచికను సున్నాకు తెచ్చి, బిళ్ళను సన్నని దారంతో గ్లాసు అడుగునా పక్కలా తగలకుండా నీటిలో ముంచి వేలాడదీయాలి. తక్కెడ చూపే బరువు బిళ్ళ తొలగించిన నీటి బరువు. వెండి సాంద్రత 10.49 కనుక 31.10 గ్రాముల బిళ్ళకు అది 2.96 – 2.97 గ్రాముల మధ్య ఉండాలి. వెండిపూత పూసిన రాగి బిళ్ళ అదే బరువు ఉంటే 3.47 గ్రాములు చూపుతుంది. ఇంత తేడాను ఏ మోసగాడూ దాచలేడు.

వెండిని రుద్ది మెరిపించరాదు. గంధకం సోకి నల్లబడిన పొరను తీస్తే లోపానికి సాక్ష్యమైన ఉపరితలమూ దానితోపాటు పోతుంది. మెత్తటి పి.వి.సి. సంచులలో పెట్టరాదు, కాలక్రమేణా అవి పచ్చని జిగురు విడుస్తాయి. గట్టి ఎక్రిలిక్ డబ్బీలు మేలు. ఖరీదైన వస్తువు కొనబోయేముందు నిపుణుల అభిప్రాయం తీసుకోవడం విజ్ఞత. అమెరికాలో 1972 నుండి నాణేల ధ్రువీకరణ సేవలున్నాయి. 1983లో రెండు సంఘాల కలయికతో ఏర్పడిన లోపనాణేల సేకర్తల సంఘం "కొనేకా" కూడా ఉన్నది. అన్నిటికంటె ముఖ్యం – లోపమున్న బిళ్ళతోపాటు అదే రకానికి చెందిన మంచి బిళ్ళ ఒకటి కొని పక్కనే పెట్టుకోవాలి. ప్రమాణం లేని చోట ఆ మంచి బిళ్ళే ప్రమాణం.

మన దేశంలో

మన దేశంలో సొమ్ముగా వాడేందుకు ప్రైవేటు వ్యక్తులు లోహపు ముక్కలు తయారుచేయడం నిషిద్ధం. 1889 నాటి లోహపు టోకెన్ల చట్టం చెప్పిన ఈ మాటను 2011 నాటి నాణేల చట్టం తనలో కలుపుకున్నది. కనుక అమెరికా తరహా టోకెన్లు ఇక్కడ లేవు. అయితే పండుగలకు, పెళ్ళిళ్ళకు కొనే లక్ష్మీదేవి వెండి బిళ్ళలు మనకు సుపరిచితాలు. అవి ప్రైవేటు ముద్రలే. పైన చెప్పిన ముద్రణ సూత్రాలన్నీ వాటికి వర్తిస్తాయి. పనిముట్ల గది వద్ద నంబరు వేసి ఇచ్చే ఇత్తడి బిళ్ళలు, క్యాంటీన్ టోకెన్లు కూడా ప్రెస్ కిందనో, చేతి పంచి కిందనో పుట్టినవే. అవి సంస్థ ఆస్తి గనుక చూసి తిరిగి ఇచ్చేయాలి. అయినా భూతద్దం పట్టి చూడటానికి అభ్యంతరమేమీ లేదు.

ముద్రణ యంత్రాలను కళ్ళారా చూడగోరే మిత్రులు హైదరాబాదులోని సైఫాబాదు మింటు మ్యూజియంకు వెళ్ళవచ్చును. 1903లో నిజాం కాలంలో ఏర్పడిన ఆ టంకశాల భవనంలో 2022లో మ్యూజియం ఏర్పాటైంది. టంకశాల 1997లో చర్లపల్లికి తరలిపోయి, 2006 నుండి భారత ప్రతిభూతి ముద్రణ, ముద్రా నిర్మాణ సంస్థలో భాగంగా ఉన్నది. అదీ మన సంస్థవలెనే ప్రభుత్వరంగ సంస్థ.

నాణ్యతా విభాగంలో పనిచేసే మిత్రులు తిరస్కరించిన వస్తువును ఎర్ర రంగు పూసిన పెట్టెలో వేసి, కారణం రాసి, పైకి పంపుతారు. వస్తువు తుక్కులో కలిసిపోయినా రాసిన కారణం రికార్డులో నిలుస్తుంది. ఈ సేకర్తల వద్ద వస్తువు మిగిలి ఉంటుంది, కారణం రాసిన కాగితం ఉండదు. రేకు జరగలేదని, కాలర్ లేవలేదని, డై పగిలిందని వెండిని చూసే వారు చెప్పగలగాలి. అలా చెప్పడం వచ్చేవరకు చేతిలో ఉన్న సొమ్మును చేతిలోనే ఉంచుకోవడం మంచిదని, ముందుగా మంచి బిళ్ళలను పదింటిని చూసి చదవడం నేర్చుకోవలసినదని ఈ అభిరుచివైపు అడుగు వేయదలచిన మిత్రులకు మనవి.